కోతకు ముందే ఇల్లు చేరాలి

మగ్గం ఒక యంత్రం. అందులో ప్రతి చప్పుడుకూ ఒక కారణం ఉంటుంది. మెకానికల్ డిప్లొమా చదివి వచ్చిన నేను ఈ మాట గట్టిగా నమ్మినవాణ్ణి. అందుకే ఆ ఏడు వానలు వెలిశాక ఒక ఆదివారం పొద్దున నాయన నేస్తుంటే పక్కన నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్కో చప్పుడునూ విడదీయడం మొదలుపెట్టాను.

తొక్కుడు కర్ర కిందికి దిగినప్పుడు తాడు ముడి దగ్గర కిర్రుమంటుంది. పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడె పెట్టె చివర తగిలితే టక్కుమంటుంది. పేకను పలక కొట్టినప్పుడు మెత్తని దెబ్బ, దాని వెంట ఇంటి దూలంలో చిన్న అదురు. పైన గిలక తిరిగినప్పుడు సన్నటి ఈల. అంతే. నాలుగు చప్పుళ్ళు, నాలుగు కారణాలు. కానీ ఇవన్నీ పక్కన పెట్టాక ఇంకొకటి మిగిలింది. మెత్తగా, కొంచెం పైకి లేచి, మళ్ళీ దిగి, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగేది. ఆడపిల్ల పుస్తకం చదువుతున్నట్టు.

గిలకకు నూనె పెట్టాను. తాడు మార్చాను. నాడె పెట్టెలో తోలు ముక్కలు అమర్చాను. ఒక్కో చప్పుడు తగ్గింది. తగ్గేకొద్దీ ఆ మిగిలినది ఇంకా స్పష్టమైంది.

మా చెల్లెలు పోయి అప్పటికి నెల దాటింది.

మాది తిరుత్తణిలో కొండ కింది నేతవీధి. నేను పట్టాభిరామ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పని చేస్తూ తిరువళ్ళూరులో గది తీసుకుని ఉండేవాణ్ణి. శనివారం సాయంత్రం అరక్కోణంలో బండి మారి ఇంటికి వచ్చేవాణ్ణి. తిరువళ్ళూరు పఠనాలయంలో తమిళ పుస్తకాల బీరువాలన్నీ దాటితే మూలన ఒక తెలుగు అర ఉండేది. అందులోంచి వారానికొక పుస్తకం చెల్లెలికి తెచ్చిచ్చేవాణ్ణి. అప్పటికి తిరుత్తణి ఆంధ్రలో ఉంది, తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. పుస్తకాన్ని సంచిలోంచి తీసిన ప్రతిసారీ చెల్లెలు ఒకటే మాట అడిగేది.

"దీనికి పాస్‌పోర్టు ఉండాదా అన్నా?"

ఇంట్లో తెలుగు చదవగలిగింది మేమిద్దరమే. నాయన చిన్నప్పుడు తమిళ బడికి పోయినవాడు. అమ్మకు అక్షరాలే రావు. చెల్లెలు ఎనిమిదో తరగతి వరకు తెలుగులో చదివింది. ఆ చదువు మగ్గానికి పనికొచ్చింది. నాయన నేస్తుంటే తను గోడ వార రాట్నం ముందు కూర్చుని, కుడిచేత్తో నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూ, బోర్లించిన గంప మీద పుస్తకం ఆనించి, పైకి చదివేది. కండెలు అందించే అమ్మ కూడా అక్కడే ఉండేది. పాత కావ్యాలను వచనంలో రాసినవి, పెద్ద నవలలు, పడమటి దేశాల కథలకు అనువాదాలు, ఏది దొరికితే అది.

మా వీధిలో ఇలా చదివించుకునే ఇళ్ళు ఇంకా కొన్ని ఉండేవి. ఆ ఇళ్ళన్నిటికీ ఒక కట్టుబాటు ఉంది. కథలో మనిషి దారి మీద ఉండగా బట్ట కోయకూడదు. పడుగు చివరికి వచ్చేలోగా కథ పూర్తి కావాలి, లేకపోతే కనీసం ఆ మనిషిని ఏదో ఒక కప్పు కిందికి చేర్చి ఆపాలి. ఇల్లు, సత్రం, గుడి, పశువుల పాక, ఏదైనా పరవాలేదు. దారిలో వదిలేసి కోస్తే ఆ మనిషి తన కథ విన్న ఇంటికి, ఆ మగ్గమున్న ఇంటికి, నడుచుకుంటూ వస్తాడని నమ్మకం. మా వీధి చివరి ఇంట్లో ఎవరో రాజకుమారుణ్ణి అడవిలో వదిలేసి కోశారట. ఆ ఇంటివాళ్ళు నా చిన్నప్పుడు కూడా సాయంత్రం కాగానే అరుగు మీద చెంబుతో నీళ్ళు పెట్టేవాళ్ళు. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

అందువల్ల చదివేవాళ్ళకు చదువుతో పాటు కొలత కూడా తెలియాలి. పడుగు ఎంత మిగిలింది, కథ ఎంత మిగిలింది, రెండిటి మీదా కన్ను ఉండాలి.

"బట్ట దగ్గరపడిందిమ్మే," అనేవాడు నాయన నాడె ఆపకుండానే. "ఆయన్ని యాడన్నా చేర్చు."

"సత్రం దాకా వచ్చినాడు నాయనా."

"సత్రానికి కప్పుండాదా?"

"కప్పు లేని సత్రం యాడుంటాది? నువ్వు నెయ్యి."

"అయితే సరి. కోస్తా."

చెల్లెలి లెక్క ఎప్పుడూ తప్పలేదు. బట్ట కోతకు వచ్చే రోజుకు కథలో వాళ్ళందరూ ఎక్కడో ఒకచోట కూర్చుని ఉండేవాళ్ళు. ఆ నేర్పు నాకు ఆశ్చర్యంగా ఉండేది.

నాకు పుస్తకాలతో సంబంధం వేరు. ఆ రోజుల్లో నేను ఒక ఉద్యోగ పరీక్షకు తయారవుతున్నాను. సాంకేతిక విషయాలతో పాటు అందులో జనరల్ నాలెడ్జి పేపరొకటి ఉండేది. అందులో సాహిత్యం ఒక భాగం. ప్రశ్నలు జవాబులు ఉన్న గైడు కొన్నాను. ప్రతి గొప్ప పుస్తకాన్నీ నాకు వీలుగా విడగొట్టుకున్నాను: రాసిందెవరు, ఎవరి కొలువులో, నాయకుడెవరు, ఎదిరి ఎవరు, చివరికి ఏమైంది. ఇలా చాలా పుస్తకాలు నోటికి వచ్చేశాయి. వాటిలో ఒక్కటి కూడా నేను చదవలేదు.

ఒక ఆదివారం నేను వసారాలో తిరుగుతూ వల్లె వేసుకుంటున్నాను. ఒక కావ్య నాయకుడి పేరు చెప్పి, "చివర, యుద్ధంలో మరణం," అన్నాను. లోపల మగ్గం ఆగిపోయింది.

"ఎవుర్రా సచ్చింది?" అన్నాడు నాయన.

చెప్పాను.

"పోరా! ఆయన ఇల్లు చేరినాడు గదా. వాళ్ళమ్మ వాకిట్లో నిలబెట్టి కాళ్ళు కడిగింది."

"పాయసం కూడా చేసింది," అంది అమ్మ. "వద్దు వద్దంటానే రెండు గిన్నెలు తాగినాడు."

"లేదు నాయనా. గైడులో స్పష్టంగా ఉంది."

"అచ్చేసినోడు నిద్రపోతా వేసుంటాడు. నేను చెవులారా వింటిని."

చెల్లెలు తల వంచుకుని రాట్నం తిప్పుతోంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని తెలిసింది కానీ ఎందుకో తెలియలేదు. పాత పుస్తకాలకు ప్రతికీ ప్రతికీ తేడాలుంటాయి కాబట్టి ఇదీ అలాంటిదేనని సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత నేను తెచ్చిన పుస్తకం ఒక పాత కావ్యానికి వచనం. మా ఇంట్లో దాన్ని అసలు పేరుతో ఎవరూ పిలవలేదు. మంత్రి కూతురి కథ అనేవాళ్ళు. ముట్టడిలో ఉన్న కోటలో నీళ్ళు అయిపోతే, మంత్రి కూతురు దొంగదారి గుండా బయటికి వెళ్ళి, కొండ అవతల ఉన్న తన అమ్మమ్మ ఊరికి కబురు చేర్చాలని బయలుదేరుతుంది. చెల్లెలికి ఆ కథ బాగా పట్టింది. కండెలు చుట్టే పని లేనప్పుడు కూడా అదే ముందు వేసుకుని కూర్చునేది.

ఒక శనివారం సాయంత్రం, "అన్నా, నిన్ను నేనే అడుగుతా," అని నా గైడు లాక్కుంది. అడిగినవన్నీ చెప్పాను. ఆమె వేలు మంత్రి కూతురి కథ దగ్గరికి వచ్చింది.

"రాసిందెవురు?"

చెప్పాను.

"ఎవురికి అంకితమిచ్చినాడు?"

అదీ చెప్పాను. నోరు ఆగలేదు. "చివర, కోట బయట వాగులో మునిగి..."

"ఆపు!" గైడు నా మీదికి విసిరింది. "సంపేసినావు గదన్నా దాన్ని! నేనింకా సగంలో ఉండాను."

"నేను చంపానా? కవి చంపాడు."

"కవి యాడో ఉండాడు. మగ్గం ఈడుండాది." తనలో తను అనుకున్నట్టు అంది, "చూస్తా ఉండు. దాన్ని ఎట్లా ఇంటికి తేవల్లో నాకు తెలుసు."

రెండు వారాల తర్వాత నేను వచ్చేసరికి చెల్లెలు మంచం మీద ఉంది. విషజ్వరం అన్నారు. పుస్తకం గంప మీద తెరిచి బోర్లించి ఉంది, రాట్నం మీద సగం చుట్టిన కండె ఉంది. వాన విడవకుండా కురుస్తోంది. వీధి కాలువ పొంగి అరుగు మెట్టు దాకా వచ్చింది. జ్వరం ఎక్కువైనప్పుడు చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "వాగు నిండా పోతాండాది అన్నా. దాన్ని ఈ గట్టునే ఆగమను," అంది. ఆగమన్నానని చెప్పాను. "కప్పు కిందికి రమ్మన్నావా?" అంది. రమ్మన్నానని చెప్పాను. నేను ఎవరి గురించి మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

కర్మలు అయ్యాక చాలా రోజులు మగ్గం మూసి ఉంది. తర్వాత నాయన మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. సగం నేసిన చీర అట్లాగే పడుగు మీద ఉంది. చదువు లేదు, మాట లేదు. నేను గమనించింది ఏమిటంటే, నాయన ఇదివరకటి లాగా ఒకే వేగంతో నేయడం లేదు. కొంతసేపు నేసి, నాడె చేతిలో పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి ఆగేవాడు. వాక్యం పూర్తయ్యే వరకు ఆగినట్టు. మళ్ళీ నేసేవాడు. అమ్మ గోడ వార రాట్నం పక్కకు జరపలేదు. తాను కండెలు చుట్టడానికి పొరుగింటి నుంచి ఇంకొక రాట్నం తెచ్చుకుంది.

ఎదురింటి పెద్దమ్మ ఒక మధ్యాహ్నం మజ్జిగ తీసుకుని వచ్చింది. గడప దగ్గరే నిలబడి, "చదివేదానికి ఎవుర్ని పెట్టుకున్నారే?" అంది.

"ఎవురూ లేరక్కా," అంది అమ్మ.

"నిన్న వింటిని. మొన్న గూడా. శానా బాగా చదువుతాండాదని..." పెద్దమ్మ నా ముఖం, నాయన ముఖం చూసి ఆగిపోయింది. గిన్నె గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. అమ్మ ఆ గిన్నె వంకే చూస్తూ ఉండిపోయింది. ఆమె ముఖంలో భయం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చీర చివరికి వచ్చింది. ఆ శనివారం నేను ఇంట్లో అడుగుపెట్టగానే నాయన అన్నాడు.

"రేయ్, కోత దగ్గరపడింది. ఆ మంత్రి కూతురు ఇంకా దారి మధ్యలో ఉండాది, వానలో. నువ్వన్నా ఇంటికి చేర్చు."

"ఇప్పుడు ఎందుకు నాయనా అవన్నీ?"

"అవన్నీ అంటే ఏమి? దాన్ని దారిలో పెట్టి కోస్తానా నేను?" నాయన నాడె పక్కన పెట్టాడు. "చేర్చరా. మన పాప కూడా అప్పుడు నిమ్మళంగా పోతాది."

అమ్మ కండె చుడుతూనే ఉంది.

మరునాడు పొద్దున అందరం స్నానాలు చేసి కూర్చున్నాం. బోర్లించిన పుస్తకం తీశాను. అది తెరిచి ఉన్న చోట కాగితం పసుపెక్కి గంప అల్లిక గుర్తులు పడ్డాయి. అక్కడి నుంచి ఐదారు పుటలే ఉన్నాయి. ముందురోజు రాత్రంతా నేను ఇదే ఆలోచించాను. ఆ కథ చివర ఏముందో నాకు తెలుసు, వాళ్ళకు తెలియదు. ఉన్నది చదివితే నాయన కోయడు, ఆ చీర అట్లాగే మగ్గం మీద ఉండిపోతుంది, మా ఇంట్లో ఎవరూ ముందుకు కదలరు. కాబట్టి ఆమెను వాగు దాటించాలి. నాకు చేతనైన పద్ధతిలో ఆలోచించి ఒక వంతెన సిద్ధం చేసుకున్నాను.

నాయన నేయడం మొదలుపెట్టాడు. నేను చదివాను. దొంగదారి, చీకటి, ముళ్ళు, వాన. చెల్లెలి గొంతుకు ఉన్న సాగుదల నాకు లేదు. నేను నోటీసు చదివినట్టు చదివాను. అయినా నాయన నాడె మెల్లగా, వరసగా నడిచింది. మంత్రి కూతురు వాగు గట్టుకు వచ్చింది. అక్కడ నేను కళ్ళు పుస్తకం మీదే ఉంచి, మాట మార్చాను.

"అక్కడ ఆమెకు రెండు తాటి దుంగలు కనిపించాయి. ఒక్కొక్కటి వాగు వెడల్పుకు సరిపోయేంత పొడుగు. రెండు గట్ల మీదా రాళ్ళు పేర్చి, కదలకుండా తాళ్ళతో బిగించి..."

"ఎవురేసినారు ఆ దుంగలు?" అంది అమ్మ.

"ఊరివాళ్ళు."

"కోట చుట్టూ శత్రువులుంటే ఊరోళ్ళు దుంగలు మోసుకొచ్చి తాళ్ళు కట్టినారా?"

"ముందే వేసి ఉంచారు."

"అంత మంచి దుంగలుంటే శత్రువులు దాటరా?" అమ్మ కండె పక్కన పెట్టింది. "నువ్వు చదవడం లేదు నాయనా. చెప్తాండావు."

నా వేలు పుట మీదే ఆగింది.

"పాప కూడా చెప్పేది," అంది అమ్మ. "చదివేటప్పుడు దాని రాట్నం తిరుగుతా ఉండేది. చెప్పేటప్పుడు ఆగిపోయేది. చెయ్యి ఊరికే చక్రం మీద ఉండేది. అది నీకంటే బాగా చెప్పేది. దుంగలూ తాళ్ళూ లేవు. తలుపు తీసి ఉండేది, అంతే, లోపలికి వచ్చేసేవాళ్ళు."

మగ్గం ఆగింది. నాయన మా ఇద్దరి వైపూ చూశాడు. ఇదంతా ఆయనకు తెలియదని అప్పుడు నాకు అర్థమైంది. అన్నేళ్ళుగా మా ఇంట్లో గొప్ప కథల్లోని వాళ్ళందరూ క్షేమంగా ఇళ్ళు చేరారు. ఓడిన రాజులు, అడవులకు పోయినవాళ్ళు, సముద్రం మీద తప్పిపోయినవాళ్ళు. వాళ్ళు ఎక్కడెక్కడ ఎట్లా చనిపోయారో నేను గోడకు అవతల కంఠస్థం చేస్తుంటే, ఇవతల చెల్లెలు వాళ్ళను ఒక్కొక్కరిగా తలుపు తీసి లోపలికి పిలిచింది.

"అంటే," అన్నాడు నాయన నెమ్మదిగా, "ఆయనకి వాళ్ళమ్మ కాళ్ళు కడగలేదా?"

"పాపే కడిగింది," అంది అమ్మ.

ఆయన నాడె ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చదువు," అంది అమ్మ నాతో. "దాంట్లో ఏముంటే అదే చదువు."

చదివాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. ఆ చివరి పుట నా గైడు చెప్పినట్టు లేదు. మరణం అనే మాట అందులో ఎక్కడా లేదు. కోటగోడ మీది కావలివాడు ఒకడు ఆమె నీళ్ళలో అడుగుపెట్టడం చూశాడు. మోకాళ్ళ దాకా, నడుము దాకా నీళ్ళు రావడం చూశాడు. మధ్యలో వాన జల్లు అడ్డం వచ్చింది. జల్లు తేలిపోయాక ఈ గట్టునా ఆ గట్టునా ఎవరూ లేరు. అవతలి ఊళ్ళో ఒక ఇంట్లో మాత్రం ఎవరో వస్తారని వంట చేసి ఉంచారు. కవి అక్కడితో ఆపేశాడు. మునిగిపోయిందని నిర్ణయించింది గైడు రాసినవాడు.

"అప్పురం?" అన్నాడు నాయన.

"అంతే. ఇంక లేదు."

"ఇంకో పుట చూడరా."

"లేదు నాయనా."

మగ్గం ఆగి ఉంది. ఏ కర్రా, ఏ తాడూ కదలడం లేదు. నూనె పెట్టిన గిలక నిశ్చలంగా ఉంది. గోడ వార, బోర్లించిన గంప ఉన్న చోట, ఎవరో పుట తిప్పే ముందు ఊపిరి తీసుకున్నట్టు నాకు వినిపించింది. మిగతా ఇద్దరికీ వినిపించిందో లేదో నేను అడగలేదు. వాళ్ళిద్దరూ అటే చూస్తున్నారు.

"కోయకూడదు," అన్నాడు నాయన. "దారిలోనే ఉండాది." మళ్ళీ అమ్మ వైపు తిరిగి బతిమాలాడు. "వీడు చెప్పిందే ఉంచుకుందామే. దుంగలు. దుంగల మీద దాటేసిందనుకుందాం. మంచి దుంగలే గదా?"

"దాటలేదు," అంది అమ్మ.

లేచి వచ్చి మగ్గం పక్కన కట్టిన కత్తెర తీసుకుంది. ఆమె ఎప్పుడూ కోసినది కాదు. మా ఇంట్లో కోత నాయనది.

"ఏమే, ఏం చేస్తాండావు?"

"దారిలో ఉండేవాళ్ళు యాడికి వస్తారు?"

నాయన కత్తెర వంక చూశాడు.

"చెప్పు. నువ్వే గదా పిల్లలకి చెప్తా ఉంటావు. యాడికి వస్తారు?"

"మగ్గమున్న ఇంటికి," అన్నాడు చాలా చిన్న గొంతుతో.

"ఆఁ. రానీ."

ఆమె కత్తెర తెరిచి చీర అంచు దగ్గర పెట్టింది. అలవాటు లేని చెయ్యి కాబట్టి పడుగు పోగులు కత్తెరకు దొరకకుండా జారుతున్నాయి. కత్తెర ఒకటి రెండు సార్లు ఊరికే గాలిని కొరికింది. కోత సాఫీగా నడవాలంటే ఎదురుగా ఇంకొకరు పడుగును బిగించి పట్టాలి. నేను లేవబోయాను. నాయన చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. ఆయనే గుంటలోంచి కాళ్ళు తీసుకుని లేచాడు, మగ్గం చుట్టూ తిరిగి వచ్చి, అమ్మకు ఎదురుగా వంగి, రెండు చేతులతో పోగులు బిగించి పట్టుకున్నాడు.